ఐబిస్ మోడల్‌లో టెస్ట్ లోడ్: నీ బోర్డు మీద ఉన్నది కాదు, డేటాషీట్‌లో ఉన్నది పెట్టాలి

ప్రశ్న క్లుప్తంగా ఇది. హన్మకొండలో ఎం.టెక్ చేస్తున్న తమ్ముడొకరు అడిగారు. 3.3 వోల్టుల ఎల్‌వీసీ రకం (ఒక లాజిక్ చిప్పుల కుటుంబం) బఫర్, అంటే సిగ్నల్‌ని బయటికి నడిపే చిప్, ఒకటి మూడు రిసీవర్లను నడుపుతోంది. దాని ఐబిస్ మోడల్‌లో (చిప్ పిన్ను విద్యుత్ పరంగా ఎలా నడుచుకుంటుందో సిమ్యులేటర్‌కి చెప్పే ఫైల్) టెస్ట్ లోడ్ విలువలైన వీమీస్, సీరెఫ్, ఆర్‌రెఫ్, వీరెఫ్ ఖాళీగా ఉన్నాయి. ఒక్కో రిసీవర్ 5 పీఎఫ్ (పికోఫారడ్లు) కాబట్టి సీరెఫ్ 15 పీఎఫ్ పెట్టాడు. అదే ఫైల్‌లో వేవ్‌ఫామ్ పట్టిక పైన ఉన్న 50 ఓమ్‌లు తెచ్చి ఆర్‌రెఫ్‌లో రాశాడు. గైడ్ మాత్రం సీరెఫ్ 50 పీఎఫ్ పెట్టమన్నారు. అలా పెడితే ఫ్లైట్ టైమ్ (సిగ్నల్ రిసీవర్ దాకా చేరడానికి డేటాషీట్ ఆలస్యం మీద కలపాల్సిన సమయం) మైనస్‌లో వస్తోంది. ఎవరు కరెక్ట్? మోడల్ పాడైందా? లేకపోతే ల్యాబ్‌లో స్కోప్‌తో కొలిచి పెట్టుకోవచ్చా?

మీ గైడ్ చెప్పిందే కరెక్ట్, తమ్మీ. మోడల్‌కి ఏమీ కాలేదు, మైనస్ వచ్చిందని పరేషాన్ కాకు. 3.3 వోల్టుల ఎల్‌వీసీ బఫర్‌కి మామూలుగా రాయాల్సినవి ఇవి: వీమీస్ 1.5 వోల్టులు, సీరెఫ్ 50 పీఎఫ్, ఆర్‌రెఫ్ 500 ఓమ్‌లు, వీరెఫ్ 0 వోల్టులు. నీ పార్ట్ డేటాషీట్‌లో ఏసీ టెస్ట్ సర్క్యూట్ బొమ్మ తీసి ఒకసారి సరిపోల్చుకో. అక్కడ వేరే అంకె ఉంటే అదే రాయి, నేను చెప్పింది వదిలెయ్.

ఇక ఎందుకన్నది. ఈ నాలుగు విలువలూ నీ బోర్డు గురించి ఏమీ చెప్పవు. చిప్ తయారుచేసినవాళ్లు ఆలస్యాన్ని కొలిచినప్పుడు పిన్నుకి ఏం తగిలించారు, ఏ వోల్టేజీ దగ్గర గడియారం ఆపారు అన్నదే చెబుతాయి. సీరెఫ్ అంటే పిన్ను నుంచి గ్రౌండ్‌కి పెట్టిన కెపాసిటర్. ఆర్‌రెఫ్ అంటే పిన్ను నుంచి వీరెఫ్ అనే వోల్టేజీకి పెట్టిన రెసిస్టర్. అంచు వీమీస్ దాటిన క్షణాన్ని కొలత అయిపోయిన క్షణంగా తీసుకుంటారు. డేటాషీట్‌లో "టీపీడీ గరిష్ఠం ఇంత" అని (టీపీడీ అంటే ఇన్‌పుట్ మారిన దగ్గర్నుంచి అవుట్‌పుట్ మారేదాకా పట్టే ఆలస్యం; క్లాకుతో నడిచే చిప్పుకైతే టీకో అని) ఒక అంకె ఉంటుంది కదా, ఆ అంకె ఈ నాలుగింటితో కలిసే పుట్టింది. దీన్ని వాటి నుంచి విడదీస్తే దేనికీ అర్థం ఉండదు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఐబిస్ మోడల్‌లో చిప్ లోపలి ఆలస్యం ఉండదు. లోపల లాజిక్ ఎప్పుడు మారింది, ప్యాడ్ దాకా రావడానికి ఎంత పట్టింది అన్న సమాచారమే ఆ ఫైల్‌లో లేదు. వేవ్‌ఫామ్ పట్టికలో సున్నా సెకను ఎక్కడ మొదలుపెట్టాలన్నది మోడల్ రాసినవాడి ఇష్టం. కాబట్టి సిమ్యులేషన్‌లో "రిసీవర్ దగ్గర 2.1 నానోసెకన్లకు దాటింది" అని కనిపిస్తే ఒంటరిగా ఆ 2.1కి విలువ లేదు. అదే డ్రైవర్‌ని అదే సున్నా నుంచి టెస్ట్ లోడ్‌లోకి ఒకసారి నడపాలి, నీ అసలు నెట్‌లోకి ఒకసారి నడపాలి, రెండింటి తేడా తీయాలి. ఆ తేడానే ఫ్లైట్ టైమ్ అంటున్నాం. డేటాషీట్ టీపీడీకి దాన్ని కలిపితే రిసీవర్ దాకా అసలు సమయం వస్తుంది.

మనవైపు లెక్కలో చెప్పాలంటే, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తా కాంటా మీద పెట్టి, సంచి బరువు తీసేసి సరుకు తూకం రాస్తారు. ఏ సంచిలో తూచారో ఆ సంచి బరువే తీయాలి. గోనె సంచిలో తూచి ప్లాస్టిక్ సంచి బరువు తీస్తే లెక్క తప్పుతుంది. డేటాషీట్‌వాళ్లు 50 పీఎఫ్ సంచిలో తూచారు, నువ్వు 15 పీఎఫ్ సంచి బరువు తీశావు.

దీన్ని అంకెల్లోకి దించుదాం, అప్పుడే తెలుస్తుంది ఎంత తేడా పడుతుందో. బఫర్ ఇంపెడెన్స్ 25 ఓమ్‌లు అనుకుందాం. 500 ఓమ్‌ల రెసిస్టర్ ప్రభావం చిన్నది, పక్కన పెడదాం. సున్నా నుంచి 3.3 వోల్టులకు పోయే అంచు 1.5 దాటడానికి ఆర్‌సీ విలువలో సుమారు 0.6 వంతు పడుతుంది. 50 పీఎఫ్‌తో అయితే 25 × 50 = 1250 పికోసెకన్లు, అందులో 0.6 వంతు అంటే 0.76 నానోసెకన్లు. 15 పీఎఫ్‌తో అయితే 0.23. ఇప్పుడు అసలు బోర్డు: 5 సెంటీమీటర్ల ట్రేస్ అనుకుంటే ఎఫ్‌ఆర్4 (మామూలు బోర్డు మెటీరియల్) మీద సుమారు 0.33 నానోసెకన్లు, చివర ఉన్న 15 పీఎఫ్ నిండడానికి ఇంకో 0.31 (ఇక్కడ దాన్ని బఫర్ నేరుగా కాక ట్రేస్ ద్వారా నింపుతుంది కాబట్టి 0.23 కాదు). మొత్తం 0.64.

50 పీఎఫ్ పెడితే ఫ్లైట్ టైమ్ 0.64 − 0.76, అంటే −0.12. నువ్వు పెట్టిన 15తో 0.64 − 0.23, అంటే +0.41. డేటాషీట్ టీపీడీ 4 నానోసెకన్లైతే మొదటి లెక్కలో 3.88, రెండో లెక్కలో 4.41. అర నానోసెకనుకు పైగా ఎక్కడి నుంచో వచ్చి చేరింది. పడే అంచుకి ఇంకా ఎక్కువ, ఎందుకంటే 3.3 నుంచి 1.5కి దిగడానికి ఆర్‌సీలో 0.79 వంతు పడుతుంది. నిజమైన బఫర్‌కి తన సొంత రాంప్ ఉంటుంది కాబట్టి ఇవి కచ్చితమైన అంకెలు కావు, కానీ తేడా ఈ సైజులోనే ఉంటుంది.

మైనస్ ఎందుకొచ్చిందో పై లెక్కలోనే ఉంది. టెస్ట్ లోడ్ బరువుగా ఉండి నీ బోర్డు తేలికగా ఉంటే, డేటాషీట్ చెప్పిన సమయానికంటే ముందే సిగ్నల్ రిసీవర్ దాకా చేరుతుంది. కాంతి కన్నా వేగంగా పోయిందని కాదు దానర్థం. 50 పీఎఫ్ కోసం టీపీడీలో ముందే కలిపిన సమయాన్ని నీకు కొంత తిరిగి ఇస్తున్నారు, అంతే. మైనస్ ఫ్లైట్ టైమ్‌ని సున్నాగా మార్చి రాయకు. రివ్యూలో బాగుండదని అలా చేసే ఇంజనీర్లను చూశాను. సెటప్ లెక్కలో (క్లాక్ రాకముందే డేటా సిద్ధంగా ఉందా) అది నష్టమేమీ చేయదు, హోల్డ్ లెక్కలో (క్లాక్ వచ్చాక డేటా కాసేపు నిలిచిందా) మాత్రం ఉన్న ఇబ్బందిని దాచేస్తుంది.

తప్పు ఏ దిక్కుకి పోతుందో కూడా గుర్తుపెట్టుకో. సీరెఫ్ ఉండాల్సినదానికన్నా తక్కువ పెడితే ఫ్లైట్ టైమ్ ఎక్కువ కనిపిస్తుంది. సెటప్‌లో లేని భయం పుడుతుంది, హోల్డ్‌లో లేని ధైర్యం వస్తుంది. ఎక్కువ పెడితే ఉల్టా.

ఈ రెండో రకం ఎఫ్‌పీజీఏల (లోపలి లాజిక్‌ని మనమే రాసుకునే చిప్పులు) దగ్గర బాగా జరుగుతుంది. జైలింక్స్ 7 సిరీస్ డేటాషీట్లలో అవుట్‌పుట్ డిలే కొలిచే పద్ధతి అని ఒక పట్టిక ఉంటుంది. అందులో ఈ నాలుగు విలువలూ నిలువు వరుసల్లోనే ఇచ్చారు, వెతకాల్సిన పని లేదు. ఎల్‌వీసీమాస్ 3.3 అనే అవుట్‌పుట్ రకానికి ఆర్‌రెఫ్ 1 మెగాఓమ్, సీరెఫ్ 0, వీమీస్ 1.65, వీరెఫ్ 0. ఎస్‌ఎస్‌టీఎల్15 అనే రకానికి 50 ఓమ్‌లు, 0 పీఎఫ్, వీరెఫ్ 0.75. సీరెఫ్ సున్నా కనబడగానే "మర్చిపోయారేమో" అనుకుని పాత అలవాటుకొద్దీ 50 పీఎఫ్ రాసేవాళ్లున్నారు. అది మర్చిపోయింది కాదు, వాళ్ల టైమింగ్ అంకెలు ఖాళీ పిన్నుతోనే ఇచ్చారు. అక్కడ 50 పెడితే 25 ఓమ్‌ల డ్రైవర్‌కి 0.87 నానోసెకన్లు ఉచితంగా కలిసొచ్చినట్టు కాగితం మీద కనిపిస్తుంది. బోర్డు తయారై వచ్చాక, ఎండాకాలంలో బాక్సు వేడెక్కినప్పుడు ఆ ఉచితం సంగతి బయటపడుతుంది.

ఇప్పుడు నీ రెండో పొరపాటు: ఆర్‌రెఫ్‌లో 50 ఓమ్‌లు. ఆ 50 నువ్వు తెచ్చింది ఆర్_ఫిక్స్చర్ నుంచి. ఫిక్స్చర్ వేరు, టెస్ట్ లోడ్ వేరు. ఫిక్స్చర్ అంటే వేవ్‌ఫామ్ పట్టిక తయారుచేసేటప్పుడు బఫర్‌కి తగిలించిన లోడ్. మామూలుగా 50 ఓమ్‌లు ఒకసారి గ్రౌండ్‌కి, ఒకసారి వీసీసీకి పెట్టి పెరిగే అంచు, పడే అంచు తీస్తారు. బఫర్ తత్వం బాగా బయటపడాలని పెట్టింది అది, డేటాషీట్ టైమింగ్‌తో దానికి సంబంధం లేదు. కొన్ని పార్టులకు రెండూ ఒకే అంకె అయి ఉండొచ్చు, అది కాకతాళీయం.

నీ ఎల్‌వీసీ బలమైన బఫర్ కాబట్టి 50 ఓమ్‌లతో కూడా ఏదో ఒక సమాధానం వచ్చింది. బలహీనమైన డ్రైవర్‌కి అదే పెట్టి చూడు. 100 ఓమ్‌ల ఇంపెడెన్స్ ఉన్న 4 మిల్లీయాంప్ అవుట్‌పుట్, 50 ఓమ్‌లు గ్రౌండ్‌కి. ఎంతసేపు ఆగినా 3.3 × 50 ÷ 150, అంటే 1.1 వోల్టులే వస్తుంది. వీమీస్ 1.65 అయితే ఆ గీతను ఎప్పటికీ దాటదు. కొన్ని టూల్స్ ఎర్రర్ ఇస్తాయి. ఏమీ అనకుండా సర్దుబాటును వదిలేసి, ఖాళీ అంకె ఇచ్చేవీ ఉంటాయి. అందుకే విలువలు రాయగానే నేను మొదట చేసే పని ఒకటే: సిమ్యులేటర్‌లో డ్రైవర్, ఆర్‌రెఫ్, సీరెఫ్ మాత్రమే పెట్టిన చిన్న సర్క్యూట్ గీసి, పెరిగే అంచు, పడే అంచు, స్లో, టిపికల్, ఫాస్ట్ మూడు కార్నర్లలోనూ వీమీస్‌ని శుభ్రంగా దాటుతోందా అని చూడడం. టీ చల్లారేలోపు అయిపోయే పని.

ఓపెన్ డ్రెయిన్ అవుట్‌పుట్‌కి ఇది ఇంకా ముఖ్యం. దానికి పైకి లాగే ట్రాన్సిస్టర్ ఉండదు కాబట్టి వీరెఫ్ 0 పెడితే పిన్ను పైకే రాదు. ఆర్‌రెఫ్‌ని పుల్లప్ విలువగా, వీరెఫ్‌ని పుల్లప్ వోల్టేజీగా రాయాలి. ఈసీఎల్ అనే లాజిక్ రకానికి సాధారణంగా 50 ఓమ్‌లు, వీసీసీ కన్నా 2 వోల్టులు తక్కువకి.

డేటాషీట్ బొమ్మ చదవడంలో ఒక గుంట ఉంది, నీ ఎల్‌వీసీకే వర్తిస్తుంది కాబట్టి జర నిదానంగా చెబుతా. లాజిక్ చిప్పుల డేటాషీట్ చివర్లో "పారామీటర్ మెజర్‌మెంట్" పేజీ ఉంటుంది. అందులో అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి ఒక 500 ఓమ్‌లు, 50 పీఎఫ్, ఇంకో 500 ఓమ్‌లు ఎస్1 అనే స్విచ్ వైపు ఉంటాయి. స్విచ్‌కి మూడు స్థానాలు: ఓపెన్, 6 వోల్టులు, గ్రౌండ్. పక్కనే చిన్న పట్టికలో ఏ కొలతకి స్విచ్ ఎక్కడ ఉండాలో రాసి ఉంటుంది. టీపీఎల్‌హెచ్, టీపీహెచ్‌ఎల్‌కి (పెరిగే, పడే అంచుల ఆలస్యాలు) ఓపెన్. అంటే నీకు కావాల్సిన ఆలస్యం కొలిచేటప్పుడు ఎస్1 వైపు రెసిస్టర్ గాలిలో వేలాడుతున్నట్టే, మిగిలింది గ్రౌండ్‌కి 500 మాత్రమే. 6 వోల్టులు అన్నది అవుట్‌పుట్‌ని ఆన్-ఆఫ్ చేసే ఎనేబుల్ సమయాల కోసం. ఆ 6 చూసి వీరెఫ్‌లో 6 రాసిన ఫైల్ నా దగ్గరికి వచ్చింది, రెండు రెసిస్టర్లను సమాంతరంగా కలిపి 250 రాసిన ఫైలూ వచ్చింది. అదే పేజీ కింద "సీఎల్‌లో ప్రోబ్, జిగ్ కెపాసిటెన్స్ కలిసే ఉంది" అని నోట్ ఉంటుంది. సీఎల్ అంటే ఆ 50 పీఎఫ్‌యే, కాబట్టి దాని మీద నువ్వు ఇంకేమీ కలపకు. సీ_కాంప్ కూడా కలపకు, అది డైలో ఉన్న కెపాసిటెన్స్, సిమ్యులేటర్ దాన్ని రెండు సిమ్యులేషన్లలోనూ తనంతట తానే పెడుతుంది.

అదే బఫర్‌ని వేరే సప్లైతో నడిపితే అదే పేజీలో వేరే వరస చూడాలి. 1.8 వోల్టులకు చాలా ఎల్‌వీసీ పార్టుల్లో 30 పీఎఫ్, 1 కిలోఓమ్, వీమీస్ వీసీసీలో సగం. 2.5కి 30 పీఎఫ్, 500 ఓమ్‌లు. ఒకే పార్ట్‌కి మూడు సప్లైలుంటే మూడు మోడళ్లు, మూడు సెట్లు.

పనిలో తగిలిన ఒక కేసు చెబుతా. జమ్మికుంట వైపు జిన్నింగ్ మిల్లుల మిషన్లకు కంట్రోలర్ బోర్డులు చేసే ఒకాయన డిజైన్ చూడమని పంపారు. ప్రాసెసర్, 133 మెగాహెర్ట్జ్ ఎస్‌డీర్యామ్ మెమరీ, అంటే మొత్తం చేతిలో ఉన్నది 7.5 నానోసెకన్లు. రాసే వైపు సెటప్‌లో 0.3 నానోసెకన్లు తక్కువ పడుతోందని రిపోర్టు. లేయర్లు పెంచి మళ్లీ లేఅవుట్ చేయించాలన్న ఆలోచనలో ఉన్నారు, ఖర్చు కూడా అడిగి పెట్టుకున్నారు. ప్రాసెసర్ మోడల్ తెరిస్తే సీరెఫ్ 0 ఉంది. డేటాషీట్ టైమింగ్ పేజీ కింద చిన్న అక్షరాల్లో 30 పీఎఫ్ లోడ్‌తో అని ఉంది. 40 ఓమ్‌ల డ్రైవర్‌కి 30 పీఎఫ్ అంటే సగం వోల్టేజీ దగ్గర 0.83 నానోసెకన్లు. సరిచేశాక మైనస్ 0.3 కాస్తా ప్లస్ 0.5 అయింది. లేఅవుట్ ముట్టుకోలేదు. తయారీదారుకి మెయిల్ పెడితే మోడల్ చేసే టీమ్ వేరు, డేటాషీట్ రాసే టీమ్ వేరు అన్నారు. అందుకే తయారీదారు ఇచ్చిన ఫైల్‌లో విలువలు నిండి ఉన్నా డేటాషీట్‌తో సరిపోల్చకుండా నమ్మొద్దు. ఐబిస్‌చెక్ అనే తనిఖీ ప్రోగ్రామ్ ఫైల్ రాతలో తప్పులు పడుతుంది కానీ, నీ డేటాషీట్‌లో 30 ఉందో 50 ఉందో దానికేం తెలుసు.

కొన్ని ఎస్‌డీర్యామ్ డేటాషీట్లు డేటా హోల్డ్ సమయాన్ని లోడ్‌తో ఒకటి, లోడ్ లేకుండా ఒకటి ఇస్తాయి. అప్పుడు ఏ అంకె వాడుతున్నావో దానికి తగ్గ టెస్ట్ లోడ్‌తోనే ఫ్లైట్ టైమ్ తీయాలి. పీసీఐ బస్ ఇంకాస్త పేచీ. గరిష్ఠ ఆలస్యానికి పెరిగే అంచుని 25 ఓమ్‌లు గ్రౌండ్‌కి పెట్టి, పడే అంచుని 25 ఓమ్‌లు వీసీసీకి పెట్టి కొలుస్తారు. 3.3 వోల్టుల సిగ్నలింగ్‌లో కొలిచే గీతలు కూడా రెండు, 0.285 వీసీసీ, 0.615 వీసీసీ. ఒక్క వీమీస్‌తో ఇది చెప్పలేం. అందుకని ఐబిస్ 4.0లో మోడల్ స్పెక్ అనే విభాగం కింద పెరిగే అంచుకి, పడే అంచుకి విడివిడిగా ఈ నాలుగూ రాసే వీలిచ్చారు. సప్లైతో పాటు మారే వీమీస్‌కి మూడు కార్నర్ల విలువలు రాయాలన్నా మోడల్ స్పెక్‌లోనే. ఒక సంగతి: మోడల్ కింద ఒకటి, మోడల్ స్పెక్ కింద ఇంకొకటి ఉంటే మోడల్ స్పెక్‌దే చెల్లుతుంది. "ఎన్నిసార్లు మార్చినా ఫలితం మారట్లేదు" అనేవాళ్ల ఫైల్‌లో సాధారణంగా ఇదే ఉంటుంది.

డీడీఆర్ మెమరీ సంగతి ఒక్క ముక్కలో. డీడీఆర్3కి రిఫరెన్స్ లోడ్ 25 ఓమ్‌లు వీడీడీక్యూలో (అవుట్‌పుట్ సప్లై) సగానికి, డీడీఆర్4కి 50 ఓమ్‌లు వీడీడీక్యూకి. డేటా, స్ట్రోబ్ (డేటాతో పాటు వచ్చే టైమింగ్ సిగ్నల్) రెండూ ఒకే చిప్ నుంచి కలిసి వస్తాయి కాబట్టి తప్పు చాలావరకు రెండువైపులా కొట్టుకుపోతుంది. నీ బఫర్ లాంటి కామన్ క్లాక్ (అన్ని చిప్పులకూ ఒకే క్లాక్) డిజైన్లలోనే ఇది నిలదీస్తుంది.

రాసేటప్పుడు యూనిట్లు చూసుకో. సీరెఫ్ పక్కన 50 అని మాత్రమే రాస్తే అది 50 ఫారడ్లు, పక్కన చిన్న 'పీ' ఉంటేనే పికో. ఐబిస్‌లో పెద్ద 'ఎమ్' అంటే మెగా, చిన్న 'ఎమ్' అంటే మిల్లీ. స్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేటర్‌లో అయితే పెద్దదైనా చిన్నదైనా మిల్లీయే, మెగాకి 'మెగ్' అని రాయాలి. ఎఫ్‌పీజీఏ ఆర్‌రెఫ్‌ని ఐబిస్ నుంచి తెచ్చి స్పైస్ నెట్‌లిస్ట్‌లో యథాతథంగా అంటిస్తే 1 మెగాఓమ్ కాస్తా 1 మిల్లీఓమ్ అవుతుంది, పిన్ను గ్రౌండ్‌కి షార్ట్.

చివరగా స్కోప్ మాట. డేటాషీట్‌లో లోడ్ ఎక్కడా దొరకకపోతే తయారీదారుని అడుగు, అదే కుటుంబంలోని పక్క పార్ట్ డేటాషీట్ చూడు. ల్యాబ్‌లో కొలిచి మోడల్‌లో పెట్టకు. నువ్వు కొలిచేది నీ చేతిలో ఉన్న ఒక్క చిప్‌ని, ఆ గది వేడిలో, సుమారు 10 పీఎఫ్ ఉండే మామూలు ప్రోబ్ తగిలించి. టీపీడీ గరిష్ఠం అన్నది అన్ని చిప్పులకూ, పూర్తి ఉష్ణోగ్రత, సప్లై పరిధికీ ఇచ్చిన హామీ, అది వాళ్ల లోడ్‌తోనే చెల్లుతుంది. స్కోప్‌ని వేరే పనికి వాడు: సిమ్యులేషన్‌లో రిసీవర్ దగ్గర ప్రోబ్ కెపాసిటెన్స్ కూడా కలిపి నడిపి, వచ్చిన అంచు ఆకారం తెరమీది అంచుతో కలుస్తోందా చూడు. అది కలిస్తే బఫర్ మోడల్, ట్రేస్ రెండూ దారిలో ఉన్నట్టే. టెస్ట్ లోడ్ నాలుగు అంకెలకు మాత్రం మళ్లీ డేటాషీట్ చివరి పేజీకే రావాలి.